తునకలైన అడవిలో పిట్టల లెక్క, కప్పల లెక్క

ఖమ్మం నుంచి కొత్తగూడెం వెళ్లే దారిలో తల్లాడ, ఏన్కూరు దాటాక జూలూరుపాడు వస్తుంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు ఏన్కూరు ఖమ్మంలో ఉండిపోయింది, జూలూరుపాడు భద్రాద్రి కొత్తగూడెంలోకి వెళ్లింది. ఇక్కడి అడవి అంతకు చాలా ముందే ముక్కలైంది. బస్సు కిటికీలోంచి చూస్తుంటే ఒక పత్తిచేను, దాని వెనక టేకుచెట్ల గుంపు, మళ్లీ మొక్కజొన్న, ఆ పక్కన జామాయిల్ తోట, దూరంగా గుట్ట మీద నిజమైన అడవి. కిన్నెరసాని దాకా, అది దాటి గోదావరి దాకా ఎడతెగకుండా సాగిన అడవికి ఇవి మిగిలిన తునకలు. వీటిలో ఏ పిట్టలు నిలిచాయో, ఏ కప్పలు నిలిచాయో రాసుకోవడానికి జంతుశాస్త్రం చదివే పిల్లలు కొందరు జూలైలో పాపకొల్లు వైపు వస్తున్నారని తెలిసి వాళ్ల వెంట వెళ్లాను.

పిట్టల లెక్క వెలుగు రాకముందే మొదలవుతుంది. ఒక చోట నిలబడి 10 నిమిషాలు కదలకుండా, చుట్టూ 50 మీటర్ల లోపల కనిపించిన ప్రతి పిట్టనూ వినిపించిన ప్రతి కూతనూ రాసుకోవాలి. ఆ తర్వాత 250 మీటర్లు నడిచి మళ్లీ నిలబడాలి. అంత ఎడం లేకపోతే ఒకే పిట్ట రెండుసార్లు లెక్కకెక్కుతుంది. వానాకాలం ఆకు దట్టంగా ఉంటుంది కాబట్టి ఇది కంటికంటే చెవికి ఎక్కువ పని.

మొదటి మజిలీ చేను గట్టు. పికిలిపిట్టలు, గోరింకలు, గువ్వలు, జెముడుకాకి, కరెంటు తీగ మీద పసులపోలిగాడు. చూస్తుండగానే కాగితం నిండింది. పిల్లల మొహాల్లో సంతోషం. తర్వాత నల్లమద్ది, తునికి, వెదురు కలిసి పెరిగిన లోపలి భాగంలోకి వెళ్లాం. అక్కడ చాలాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి నేల దగ్గర నుంచి రెండు స్వరాల ఈల ఒకటి వచ్చింది. పొన్నంకి పిట్ట. చలికాలమంతా దక్షిణాదిలో, శ్రీలంకలో గడిపి వానలతో పాటు పైకి వచ్చి గూడు కట్టే పిట్ట అది. రాలిన ఆకులను తిరగేసి పురుగులు ఏరుకుంటుంది. నేల మీద ఆకు లేకపోతే దానికి తిండి లేదు. ఆ మజిలీలో కాగితం మీద పడ్డవి నాలుగే పేర్లు.

"ఇక్కడ తక్కువే ఉన్నాయి" అన్నాడు ఒక అబ్బాయి నిరాశగా. నాకు మాత్రం ఆ ఉదయమంతటికీ విలువైన కాగితం అదే అనిపించింది. చేను గట్టు మీది పిట్టలు ఖమ్మం బస్టాండు వెనక కూడా బతుకుతాయి. పొన్నంకి పిట్ట బతకదు. ఎన్ని జాతులు ఉన్నాయన్న ప్రశ్న దగ్గరే ఆగితే చెడిపోయిన అడవికే ఎక్కువ మార్కులు పడతాయి. ఏవి ఉన్నాయని అడగాలి.

దీనికి గట్టి ఆధారం బ్రెజిల్‌లో ఉంది. మనౌస్ పట్టణం దగ్గర 1979లో థామస్ లవ్‌జాయ్ ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. పశువుల మేత కోసం నరకబోయే అడవిలో 1, 10, 100 హెక్టార్ల ముక్కలను వదిలిపెట్టించి, వాటిలో ఏమవుతుందో దశాబ్దాల పాటు చూశారు. 100 హెక్టార్ల ముక్కలో కూడా నీడలో, నేలకు దగ్గరగా తిరిగే పిట్టజాతుల్లో సగం 15 ఏళ్లలోపే మాయమయ్యాయి. కప్పల విషయంలో మాత్రం ముక్కల్లో జాతుల సంఖ్య పెరిగింది. చుట్టూ ఏర్పడ్డ గడ్డిబీళ్లలో బతికే కప్పలు లోపలికి చేరడమే అందుకు కారణం. అంకె పెరిగినంత మాత్రాన అడవి బాగున్నట్టు కాదు.

దారి చూపించడానికి మాతో వచ్చిన కోయ పెద్దాయనను పిల్లలు "తాతా" అని పిలుస్తున్నారు. పిట్ట కూసిన వైపుకు వేలు చూపేది ముందు ఆయనే, తర్వాతే పిల్లల ఫోన్లు. ఇందులో వింతేమీ లేదు. మన కలివికోడి అనే పిట్ట కథే చూడండి. 19వ శతాబ్దంలో బ్లాన్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త దాన్ని గోదావరి లోయలో, సిరోంచ, భద్రాచలం దగ్గర నమోదు చేశారు. 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనిపించలేదు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో రాత్రిపూట టార్చిలైటుతో వేటకు తిరిగే ఒక స్థానికుడి చేతికి చిక్కి మళ్లీ వెలుగులోకి వచ్చింది. ఎనభై ఏళ్లకు పైగా పండితులకు దొరకనిది పల్లె మనిషికి దొరికింది. గోదావరి వైపు మాత్రం అది మళ్లీ కనిపించలేదు.

తాత చెప్పిన వాటిలో నన్ను పట్టుకున్నది మంట గురించి. ఎండాకాలం తునికాకు లేతగా చిగురించాలని అడుగున నిప్పు పెడతారు. "పై చెట్టుకు ఏం కాదు బిడ్డా, కిందదంతా కాలిపోతది" అన్నాడు. కింద ఉండేవే ఆకుచెత్తలో దాక్కునే చిన్న కప్పలు, నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు.

రాత్రి 8 దాటాక కప్పల పని. సాయంత్రం ఒక జల్లు పడి ఆగింది. వాగు పక్కన పశువులు తొక్కిన గుంటల్లో నీళ్లు నిలిచి, ఆ చుట్టుపక్కల మాట వినపడనంత చప్పుడు. ముందు దీపాలు ఆర్పేసి గొంతులు విడదీసుకోవాలి. బోదురుకప్ప గొంతు లోతుగా, ఆగి ఆగి వస్తుంది. అన్నిటికంటే గట్టిగా అరిచేది బొటనవేలి గోరంత ఉండే సన్నమూతి కప్ప. గడ్డిపరక కింద కూర్చుని అంత మోత మోగిస్తుంది. టార్చి వేయగానే మగ బోదురులు బయటపడ్డాయి. మామూలు రోజుల్లో మట్టిరంగులో ఉండే ఆ కప్ప జతకట్టే నాలుగు రోజులూ పెళ్లికొడుకులా ఒళ్లంతా పసుపు దాలుస్తుంది, దవడల కింద నీలం తిత్తులు ఉబ్బుతాయి. ఇదే కప్ప కాళ్లు ఒకప్పుడు విదేశాలకు ఓడల్లో వెళ్లేవి. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతి నిషేధించింది.

గుంట మీదికి వంగిన కొమ్మకు తెల్లటి నురగ ముద్ద అతుక్కుని ఉంది. చెట్టుకప్ప గూడు. గుడ్లు ఆ నురగలో తడి ఆరకుండా ఉంటాయి, గుడ్లు పగిలాక తోకకప్పలు కింద నీళ్లలో పడతాయి. పైన కొమ్మ ఉండాలి, కింద నీరు ఉండాలి, ఆ నీరు కొన్ని వారాలు నిలవాలి. పెద్ద చెరువైతే చేపలు తినేస్తాయి. అందుకే ఎవరి లెక్కలోనూ లేని ఈ బురదగుంటలే కప్పలకు పురిటిళ్లు. బండిబాటను మొరంతో చదును చేస్తే ఒక్క పూటలో అవి పోతాయి.

కప్ప చర్మంతోనూ ఊపిరి పీలుస్తుంది. నీళ్లలో ఏది కలిసినా నేరుగా ఒంట్లోకి వెళ్తుంది. "పత్తికి మందు కొట్టినంక వాన పడితే మడుగుల ఉలుకు ఉండదు" అని తాత అంటే పిల్లల్లో ఎవరూ మాట్లాడలేదు. 2023లో వెలువడిన ప్రపంచ ఉభయచరాల అంచనా ప్రకారం జాతుల్లో 41 శాతం ముప్పులో ఉన్నాయి. అదే ఏడాది వచ్చిన భారత పక్షుల నివేదిక 178 జాతులకు తక్షణ రక్షణ కావాలంది. దసరానాడు చూసి దండం పెట్టుకునే మన పాలపిట్ట కూడా 30 శాతానికి పైగా తగ్గిందనీ, దాని స్థితిని మళ్లీ అంచనా వేయాలనీ చెప్పింది.

ఈ అడవి ముక్కలవడానికి అడవి నరికి చేసే పోడు సాగు ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. జామాయిల్ తోట దూరానికి పచ్చగానే ఉంటుంది, కింద పొద లేదు, పైన తొర్ర లేదు. గోదావరి నీళ్లు మోసే సీతారామ కాలువ సిమెంటు గట్లు చిన్న కప్పకు ఎక్కలేని గోడలు. పోడు గొడవ ఎంత దూరం పోగలదో ఈ ప్రాంతం చూసింది. 2022 నవంబరులో పక్కనే చండ్రుగొండ మండలం బెండాలపాడు అడవిలో రేంజ్ అధికారి చలమల శ్రీనివాసరావు హత్యకు గురయ్యారు. మరుసటి ఏడాది రాష్ట్రంలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు భూమికి పట్టాలు వచ్చాయి, అందులో పెద్ద వాటా ఈ జిల్లాదే. పట్టా వచ్చిన చేను చేనుగానే ఉంటుంది. ఇక కాపాడుకోవాల్సింది ఒక తునకనూ ఇంకో తునకనూ కలిపే వాగు గట్లను. ఆ గట్టు మీద చెట్లు వరుసగా నిలిస్తే నీడ వదలని పిట్ట ఈ గుట్ట నుంచి ఆ గుట్టకు వెళ్లగలదు, కప్ప చేనులో దిగకుండా నీటికి చేరగలదు. రెండు బారల మేర మందు కొట్టకుండా, నరకకుండా వదిలేస్తే రైతుకు పోయేది కొద్దిపాటి పత్తి. ఆ నష్టం ప్రభుత్వం కట్టివ్వడం న్యాయం.

అధికారం కూడా దగ్గరే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ అడవినీ వన్యప్రాణులనూ నీటి వనరులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. పట్టాల కోసం ఆ చట్టం పేరెత్తినంతగా ఈ సెక్షన్ పేరు ఎవరూ ఎత్తరు. పిల్లలు వలసపిట్టలు ఉండే జనవరిలో ఒకసారి, వేసవి మంటల తర్వాత ఒకసారి ఇవే చోట్ల నిలబడతారట. ఈలోగా ఈ జూలై లెక్కను గ్రామసభలో తెలుగులోనూ కోయలోనూ చదివి వినిపిస్తామన్నారు. తాత ఒప్పుకున్నాడు, సభ మాత్రం పత్తి కలుపు అయ్యాకే పెట్టమన్నాడు.