గోడమీద బొమ్మ

నాకున్న దుర్గుణాల్లో ఒకటి, ఉచితంగా దొరికినదాన్ని ఊరంతా గొప్పగా చెప్పుకోవడం.

మా ఇంట్లో పదేళ్ళనాటి ల్యాప్‌టాప్ ఒకటుంది. అది మూలుగుతూంటే కొత్తది కొనమని మా ఆవిడా, డబ్బెక్కడిదని నేనూ వాదులాడుకుంటూండగా, మా అమ్మాయి ఒక ఆదివారంనాడు అందులోంచి విండోస్ తీసేసి లినక్స్ పెట్టింది. 1991లో ఫిన్లండ్ కుర్రవాడు లైనస్ టోర్వాల్డ్స్ తన 21వ యేట మొదలుపెట్టి లోకానికి వదిలేసిన సరుకండీ అది. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థవారు దానిచేత తెలుగు కూడా మాట్లాడించారు. మా ముసలి యంత్రం లేచి కూచుంది. ఇంకేం, స్టాఫ్‌రూములో నెల్లాళ్ళపాటు దాని గుణగానం చేశాను. అదే కొంప ముంచింది.

మేముండేది మొయినాబాదు. నేను తెలుగు చెప్పే కాలేజీ చేవెళ్ళలో. రోజూ మర్రిచెట్ల నీడన బస్సు ప్రయాణం. (రోడ్డు వెడల్పు చేస్తే ఆ చెట్ల గతేమిటన్న తగవు పెద్దది, అది మరోసారి.) ఆవేళ తెలుగు లిపి పుట్టుపూర్వోత్తరాలమీద నా ఉపన్యాసం. సుమారు క్రీ.శ. 575 నాటి కలమళ్ళ శాసనం, కురిక్యాల దగ్గర బొమ్మలగుట్టమీద చెక్కిన కందపద్యాలు, ఇవన్నీ బొమ్మల్లో చూపించాలి. సుద్దముక్కతో ఆ అక్షరాలు గియ్యడం నావల్ల కాదు. పోయినేడు గీస్తే పిల్లలు జిలేబీలనుకున్నారు.

హాలు నిండింది. ప్రొజెక్టరు తీగ ల్యాప్‌టాప్‌కి గుచ్చాను. గోడమీద నీలిరంగు, మధ్యన 'సిగ్నల్ లేదు' అని ఇంగ్లీషులో ఒక ముక్క. తీశాను, మళ్ళీ గుచ్చాను. నీలమే. మా అమ్మాయి రాసిచ్చిన చీటీ తీసి, ఎక్స్‌రాండర్ అనే ఆరక్షరాల ఆజ్ఞ కొట్టాను. అది తనకు తగిలించిన తెరల పేర్లన్నీ వరసగా చెబుతుంది. ప్రొజెక్టరు పేరు చెప్పింది గాని, పక్కనే 'తగల్లేదు' అని కూడా చెప్పింది.

"ఉచితపు సరుకు మరి!" అన్నారు ముందువరసలో ఒక సహాధ్యాపకుడు. పిల్లలు నవ్వారు. చెవులు వేడెక్కాయి.

అప్పుడు వెనకవరసలోంచి ఒక కుర్రాడు లేచాడు. నాకు ముఖంకంటే హాజరుపట్టీలో సున్నాలే ఎక్కువ పరిచయం. మొన్ననే అందరిముందూ చీవాట్లు పెట్టాను. నేరుగా వచ్చి తీగ కొస తిప్పి వెలుతుర్లో చూశాడు.

"సార్, లినక్సుది తప్పు లేదు. పిన్ను వంగింది సూడుండ్రి."

చూశాను. పదిహేను సూదుల్లో ఒకటి పక్కకి ఒరిగివుంది. 1987లో ఐబీఎం వారు తెచ్చిన వీజీఏ అనే పద్ధతి తీగ అది. కొన్ని సూదులది రంగుల రవాణా. ఒక రెండింటి పని మాత్రం, ప్రొజెక్టరు తాను ఎంత వెడల్పు, ఎంత ఎత్తు బొమ్మ పట్టగలదో కంప్యూటరుకు కబురు పెట్టడం. కబురందకపోతే అవతల మనిషున్నాడని ఇవతల వాడికి తెలియకపోవచ్చు. కుర్రాడు పెన్ను రీఫిలు మొనతో సూదిని మెల్లగా నిలబెట్టి, తీగ గుచ్చి, పక్క మరలు రెండూ బిగించాడు.

"ఇప్పుడు మల్ల కొట్టుండ్రి సార్."

కొట్టాను. 'తగిలింది' అంది. చీటీలో రెండో వరస కొట్టాను. గోడమీద వెలుగొచ్చింది! హాలంతా చప్పట్లు. నేను పొంగిపోయి ప్రదర్శన మొదలుపెట్టాను. కలమళ్ళ శాసనం నా ఒళ్ళో ల్యాప్‌టాప్‌మీద కనిపించింది. గోడమీద మాత్రం నాకోసం నేను రాసుకున్న ముక్కలు, మూరెడేసి అక్షరాల్లో: 'ఇక్కడ కొంచెం ఆగాలి. ఇక్కడ నవ్వించాలి.'

నవ్వించనక్కర్లేకపోయింది. రెండు తెరలూ తారుమారయ్యాయి, అంతే. ఒక మీట నొక్కి కుర్రాడే సర్దాడు. ఉపన్యాసం బాగానే సాగింది.

"ఇవన్నీ ఎక్కడ నేర్చావోయ్?" అన్నాను సాయంత్రం బస్సులో, పక్కన కూచోబెట్టుకుని.

"మొయినాబాద్ ఫంక్షన్ హాళ్ళల్ల సార్. పెండ్లిళ్ళకు తెరలు గడ్తం. రాత్రి రెండయితది. పొద్దుగాల లేవనీకె రాదు."

"ముందే చెప్పొద్దూ?"

"మీరు అడగలే సార్."

మర్రిచెట్లు వెనక్కి పోతున్నాయి. జేబులోంచి నలిగిన కాగితం తీశాడు. 75 శాతం హాజరు లేదు గనక పరీక్షకు కూచోనివ్వమని అర్జీ. నెల్లాళ్ళ కిందట నేను సంతకం పెట్టకుండా తిప్పి పంపిందే. కలం తీశాను. మోకాలిమీద పెట్టి రాస్తూంటే బస్సు మలుపు తిరిగింది.

"సార్, గక్కడ నవ్వించాలని రాసుకున్నరు గద, ఏం జోకు సార్ అది?"

చెప్పాను. మర్యాదకి కూడా నవ్వలేదు. వంకరగా పడ్డ సంతకం చూసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.