పిల్లిగోళ్ల వివాదము

లోకములో గొప్ప వివాదములు గొప్ప వస్తువులను గూర్చియే పుట్టునని తలంపరాదు. చిటికెనవ్రేలి గోరంత వస్తువును గూర్చి శాసనసభలు చర్చించుటయు, న్యాయస్థానములు తీర్పు చెప్పుటయు, వైద్యులు రెండు పక్షములుగా చీలుటయు కలదు. పెంపుడుపిల్లి గోళ్లను శస్త్రముచే తొలగింపవచ్చునా, తొలగింపరాదా యను ప్రశ్న అట్టిది. మన గ్రామములలో ఈ ప్రశ్న పుట్టనేలేదు. ఉత్తర అమెరికాలో నన్ననో, ఇది అనేక సంవత్సరములుగా ఇంటింటి ప్రశ్న. మన పూర్వవిద్యార్థులు కొందరు ఆ దేశములలో కాపురములు చేయుచున్నారు గనుకను, ఇందలి ధర్మసూక్ష్మము పాఠశాలలో నున్న మనకును పనికివచ్చునది గనుకను, ఈ సంచికయందు దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయబూనితిమి.

మొదట ఈ శస్త్రచికిత్స యనగా నేమో తెలిసికొనవలెను. పేరు వినగానే, మనము గోళ్లు కత్తిరించుకొనుట వంటిదే యని తోచును. అట్లు కాదు. పిల్లి గోరు వ్రేలి కొనయందలి యెముకనుండియే పెరుగును. అది మరల మొలవకుండవలెనన్న ఆ యెముకనే తీసివేయవలెను. వైద్యులు దీనికి ఒనికెక్టమీ యని పేరు పెట్టిరి. పిల్లికి ముందుకాళ్లకు అయిదేసి చొప్పున 10, వెనుకకాళ్లకు నాలుగేసి చొప్పున 8, వెరసి 18 గోళ్లుండును. సాధారణముగ ముందుకాళ్ల గోళ్లనే తీయుదురు. అనగా పది వ్రేళ్లను చివరి కణుపువద్ద ఛేదించుట. మన చేతులతో పోల్చినచో, ప్రతి వ్రేలికిని గోరున్న కణుపు నంతయు కోల్పోవుటతో సమానము. మత్తుమందిచ్చి, కత్తితో గాని, కత్తెరవంటి పరికరముతో గాని, లేసరు కిరణముతో గాని దీని నొనర్తురు. సాధనము మారినను ఛేదనము మారదు.

ఇక పిల్లి ఎందులకు గీరునో విచారింతము. విశ్రాంతివేళ సాగెడు బంధనములు గోళ్లను లోనికి లాగి పట్టియుంచును. అందుచేతనే అవి నేల తాకి అరిగిపోవు. అవసరమైనపుడు కండరము బిగించి పిల్లి వానిని బయటికి చాచును. అది స్తంభమును గీరునపుడు మూడు పనులు జరుగును. పాతబడిన గోటి పైపొర ఊడి, లోపలి వాడియైన గోరు బయటపడును. వీపు కండరములును భుజముల కండరములును చక్కగా సాగును. అరికాళ్ల గ్రంథులనుండి వెలువడు వాసన ఆ చోట నిలిచి, ఇది తన తావని తోడి పిల్లులకు తెలుపును. చెట్టెక్కుటకును, కుక్క తఱిమినపుడు ప్రాణము దక్కించుకొనుటకును దానికి గోళ్లే దిక్కు. కాబట్టి గీరుట పిల్లికి దుర్గుణము కాదు; అది పిల్లి స్వభావము.

మన పెద్దలకు పిల్లితో తగవు లేకపోలేదు. పాలు, పెరుగు, వెన్న దాని కంటబడినచో మిగులునని నమ్మిన యిల్లాలు లేదు. అయినను వారు చేసిన ఉపాయమేమి? దూలమునకు ఉట్టి కట్టి, కుండలను దానిపై నుంచిరి. పిల్లి శాపములకు ఉట్లు తెగవని సామెత పుట్టినది గాని, పిల్లి వ్రేళ్లు తెగగోయుమని సామెత పుట్టలేదు. ఎలుకలను పట్టుటకు గోళ్లు కావలెను. పాలు దక్కుటకు ఉట్టి కావలెను. రెండును ఒక యింటనే యుండెను. ఇందుచేత మన పెద్దలు పరదేశీయులకంటె దయాళువులని మేము చెప్పబోము. పిల్లిపిల్లలను గోనెసంచిలో గట్టి ఊరిబయట విడిచివచ్చిన యిండ్లును మనలో కలవు. నులకమంచము, మట్టిగోడ, పెరటిలోని వేపమాను ఉన్న యింటిలో పిల్లి ఎంత గీరినను ఎవరికిని పెద్ద నష్టము తోచలేదని మాత్రము చెప్పవచ్చును.

అమెరికాలో నట్లు కాదు. అక్కడ పెక్కు పిల్లులు ఇల్లు వెడలకయే జీవితమంతయు గడపును. ఇంట మెత్తని సోఫాలు, తివాచీలు, తెరలు. అద్దెయిల్లయినచో పాడైనదానికి పరిహారము చెల్లింపవలసివచ్చును. కొన్నియేండ్ల క్రిందట మా తరగతిలో చదివి, ఇప్పుడా దేశమున ఉద్యోగము చేయుచున్న శిష్యుడొకడు మాకు జాబు వ్రాసెను. అతని కుమార్తెకు ఎనిమిదేండ్లు. ఆమెకు తన పిల్లియన్న ప్రాణము. అతని తల్లి మన ప్రాంతమునుండి వెళ్లి వారియొద్ద నున్నది. గుండెజబ్బునకై, రక్తము గడ్డకట్టకుండ మాత్రలు వాడుచున్నది. ఒకనాడు పిల్లి ఆమె ఒడిలోనుండి దుమికినపుడు ముంజేతిపై గోరు గీసికొని, రక్తము చాలసేపు ఆగలేదు. గోళ్లు తీయించుమని ఒకరును, పిల్లిని జంతువుల ఆశ్రయశాలకు అప్పగింపుమని మఱియొకరును చెప్పిరి. “మాష్టరుగారూ, పాపను ఏడ్పింపలేను, అమ్మను అపాయములో నుంచలేను, ఆ మూగజీవి వ్రేళ్లు కోయించుటకును మనసొప్పదు. ఏమి చేయుదును?” అని అడిగెను. అట్టి యింటిలో నిలిచి చూచినపుడు ఈ వివాదము నవ్వులాట కాదని తెలియును.

ఆ దేశములో ఈ ఉద్యమమునకు బలము చేకూర్చినవి చిత్రముగా సింహములును పులులును. జెన్నిఫర్ కాన్రాడ్ అను పశువైద్యురాలు, గోళ్లు తీయబడి కుంటుచున్న పెద్దపులులకు కాళ్లు బాగుచేయుచు, పిమ్మట పెంపుడుపిల్లుల పక్షమునను నిలిచెను. 2003లో కాలిఫోర్నియా రాష్ట్రమందలి వెస్ట్ హాలీవుడ్ నగరము ఈ శస్త్రచికిత్సను నిషేధించెను. అమెరికాలో ఇట్టి నిషేధము అదియే మొదటిది. ఆ రాష్ట్ర పశువైద్యసంఘము న్యాయస్థానమున కెక్కెను. 2007లో అప్పీలు న్యాయస్థానము నగరమునకు అనుకూలముగ తీర్పు చెప్పెను. పిమ్మట, 2010 జనవరి నుండి నగరములు ఇట్టి నిషేధములు చేయరాదని రాష్ట్రశాసనము రాగా, ఆ గడువు ముగియకమునుపే, 2009లో, లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో మొదలైన ఏడు నగరములు త్వరపడి తమ నిషేధములను గావించుకొనెను. రాష్ట్రములలో మొదట నిషేధించినది న్యూయార్కు, 2019లో. తరువాత 2022లో మేరీలాండ్, 2024లో వర్జీనియా, 2025లో మసాచుసెట్స్ ఆ దారి పట్టెను. కెనడాలో 2018లో నోవా స్కోషియా మొదటిదయ్యెను. ఐరోపాలో నన్ననో, 1987 నాటి పెంపుడు జంతువుల రక్షణ ఒడంబడికయే దీనిని కూడదని చెప్పెను. ఇజ్రాయేలు 2011లో నిషేధించెను. మన దేశమున రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలితముగ వచ్చిన 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, తన 11వ సెక్షనులో, జంతువుల అంగచ్ఛేదమును క్రూరకార్యములలో చేర్చినది.

నిషేధమును వద్దనువారందఱు కఠినహృదయులు కారు. వారి వాదము మూడు విధములు. గోళ్లు తీయుట కానిచో కొందరు యజమానులు పిల్లినే విడిచిపెట్టుదురు. ఆశ్రయశాలలలో చోటు చాలక ప్రాణములు పోవు పిల్లులు కలవు. వ్రేళ్లు పోయినను ఇల్లు దక్కుట మేలు గదా యనునది మొదటిది. వృద్ధులకును, రోగనిరోధక శక్తి క్షీణించినవారికిని పిల్లిగోరు అపాయకరమనునది రెండవది. వైద్యవిషయములలో నిర్ణయము వైద్యునిదే కాని శాసనసభలది కాదనునది మూడవది. ఈ మూడింటిలోను సత్యాంశము కలదు. మొదటి వాదము మఱియు బలమైనది. ఏలయన, అది పిల్లి మేలు కోరియే మాటలాడుచున్నది.

అయినను విచారింపవలసిన సంగతులు కొన్ని కలవు. గోళ్లు తీసిన 137 పిల్లులను, తీయని 137 పిల్లులను పరీక్షించి, కొందరు పశువైద్యులు 2018లో పిల్లుల వైద్యమునకు సంబంధించిన ఒక పత్రికయందు ఫలితములు ప్రకటించిరి. గోళ్లు తీసినవానిలో నూటికి 63 పిల్లుల వ్రేళ్లలో ఎముక తునకలు మిగిలియుండెను. నడుమునొప్పియు, కఱచుటయు, నియమితస్థలమున గాక యిల్లంతయు మలమూత్రములు విడుచుటయు వానిలో హెచ్చుగా కనబడెను. గోళ్లు తీసిన ప్రతి పిల్లియు బాధపడునని దీనివలన తేలదు. కాని ఇల్లు పాడుచేయు పిల్లిని, కఱచు పిల్లిని ఎవరుంచుకొందురు? పిల్లికి ఇల్లు దక్కించుటకై చేసిన పనియే దానికి ఇల్లు లేకుండ చేయవచ్చును. రోగుల విషయములో, ఎయిడ్సు రోగమునకు కారణమగు వైరసు సోకినవారికి సైతము అమెరికా ఆరోగ్యశాఖవారి సూచనలు పిల్లిగోళ్లు తీయించుమని చెప్పవు. పిల్లితో మోటుగా ఆడవద్దనియు, గీతపడినచో వెంటనే కడుగుకొనుమనియు, మిన్నల్లులను నివారింపుమనియు చెప్పును. వైద్యుల స్వాతంత్ర్యమన్ననో, వైద్యులే మాఱుచున్నారు. కెనడా పశువైద్యసంఘము 2017లో దీనిని వ్యతిరేకించెను. అమెరికా పశువైద్యసంఘము 2020లో, నిర్ణయము వైద్యునికే విడిచినను, యజమాని కోరికపై చేయు ఈ శస్త్రచికిత్సను ప్రోత్సహింపబోమని ప్రకటించెను. గోటికి వ్రణమో కంతియో కలిగి చికిత్సకై తీయవలసివచ్చినపుడు నిషేధచట్టములును అడ్డురావు.

మేము పశువైద్యులము కాము. కావున శిష్యునికి మొదట వైద్యుల నడుగుమనియే వ్రాసితిమి: తల్లిని గూర్చి ఆమె వైద్యుని, పిల్లిని గూర్చి పశువైద్యుని. తెలిసిన ఉపాయములను మాత్రము తెలిపితిమి. రెండుమూడు వారముల కొకమారు గోటికొనను మాత్రము కత్తిరింపవలెను. లోపల గులాబిరంగున కనబడు భాగములో రక్తనాళమును నరమును ఉండును గనుక దానిని తాకరాదు. పిల్లి నిలువునా సాగి గీరగలిగినంత ఎత్తుగల, కదలని గుంజకు కిత్తనార త్రాడు చుట్టి, అది గీరుటకు మరగిన సోఫాచెంతనే నిలుపవలెను. గోళ్లపై అంటించెడు మెత్తని ప్లాస్టిక్ తొడుగులును దొరకును. నాలుగు నెలలకు ప్రత్యుత్తరము వచ్చినది. పశువైద్యశాలలో గోళ్లు కత్తిరించుట నేర్చుకొని, ప్రతి రెండవ శనివారము అతడే ఆ పని చేయుచున్నాడట. పాప పిల్లిని పట్టుకొనును. తల్లి పొడవుచేతుల రవికె తొడిగి, ఒడిలో మందపు దుప్పటి పఱచుకొనినగాని పిల్లిని పిలువదు. సోఫా ఒక మూల చినిగియేయున్నది. “ఆ మూల అట్లే యుండనీ, నాయనా, ఇంటిలో పిల్లి యున్నదని తెలియవలదా!” అని ఆమె యన్నదట.

మనము చదువు 66 గ్రంథముల బైబిలులో పెంపుడుపిల్లి పేరు కనబడదు. అయినను బిలాము గాడిద కథ మన పిల్లలందఱును ఎఱుగుదురు. గాడిద దారి తప్పెను, గోడకు ఒరసికొనెను, కూలబడెను. ముమ్మారును యజమానుడు దానిని కొట్టెను. అది అట్లు చేయుటకు కారణము ఎదుటనే నిలిచియుండెను; అతనికి కనబడలేదు, అంతే. దేవుడు మనుష్యునికి జంతువులపై అధికారమిచ్చెనని ఆదికాండమును చూపి వాదించువారు ఈ కథను గూడ చదువవలెను. అధికారము గలవాడు మొదట అడుగవలసిన ప్రశ్న “దీనిని ఎట్లు మాన్పింతును?” అనునది కాదు, “ఇది యిట్లేల చేయుచున్నది?” అనునది.

పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. మావాడు మాటకారి, వాని నోరు కట్టుడని మాతో చెప్పి పోవువారు ప్రతి సంవత్సరమును కలరు. బల్లలపై చాకుతో పేర్లు చెక్కు బాలుని చేతులు కట్టుట ఒక నిమిషపు పని. వానికి ఉలి యిచ్చి, ఇదిగో చెక్క, ఇచ్చట చెక్కుమని కూర్చుండబెట్టుటకు ఒక సంవత్సరము పట్టును. నడుమ రెండు బల్లలు పాడగును. ఆ బల్లల వెల మేము భరింపవలెను. గీరుటకు తావు చూపక గోరు తీసివేయుట ఎంత సులభమో, వాడుటకు తావు చూపక శక్తిని అణచివేయుట అంతే సులభము.

విద్యార్థులారా, సెలవులకు ఇండ్లకు పోయినపుడు, మీ పిల్లి మంచపుకోడును గీరుచున్నచో కఱ్ఱ తీయకుడు. పెరటిలో నొక గుంజ పాతి, కొబ్బరిపీచు త్రాడు చుట్టి చూడుడు. వారము దినములలో అది అచ్చటికి మరగినదో లేదో, పాఠశాల తెఱచిన పిమ్మట మాకు చెప్పుడు.