ఎర్బియానికి తడి పడదు

కొలిమి తలుపు తీయగానే ముఖానికి వేడి కొట్టింది. మా వీధి అమ్మాయి పొడుగాటి పటకారుతో ప్లాటినం మూసను బయటికి తీసి, అందులో కరిగిన గాజును ఇత్తడి పలక మీద ఒక్క వంపున పోసింది. పలకను ముందే వేడి చేసి ఉంచకపోతే గాజు పోసినచోటే పగిలిపోతుందట. గట్టిపడ్డ బిళ్లను తక్కువ వేడి ఉన్న ఇంకో కొలిమిలోకి తోసింది. "ఇంక రేపటిదాకా దీని జోలికి పోకూడదు బాబాయ్, నిదానంగా చల్లారాలి" అంది.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో మొదలైంది. ఇక్కడి భౌతికశాస్త్ర విభాగంలో ఆచార్య సి.కె. జయశంకర్, ఆయన శిష్యులు నియోడిమియం, ఎర్బియం, సమేరియం వంటి విరళ మృత్తికలు కలిపిన గాజుల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. కొండ మీది దర్శనానికి వచ్చే జనం ఇటు తొంగి చూడరు. మా ఊరు కోరుకొండ నుంచి ఈ పిల్ల ఇక్కడ పరిశోధనలో చేరి ఉండకపోతే నేనూ చూసేవాణ్ణి కాదు.

బల్ల మీద సానబట్టిన బిళ్లలు వరసగా ఉన్నాయి. ఎర్బియందానికి లేత గులాబీ ఛాయ, నియోడిమియందానికి ఊదా ఛాయ. యూరోపియంది మాత్రం మామూలు కిటికీ గాజులాగే ఉంది. దాని మీద అతినీలలోహిత దీపం వేస్తే కుంకుమంత ఎరుపెక్కింది. పక్కనున్న టెర్బియం బిళ్ల ఆకుపచ్చగా వెలిగింది.

ఆ ఎరుపు గాజుది కాదు, యూరోపియం అయాన్‌ది. కాంతినిచ్చే 4ఎఫ్ ఎలక్ట్రాన్లకు బయట 5ఎస్, 5పి ఎలక్ట్రాన్లు తెరలా అడ్డుంటాయి. అందుకే ఆ అయాన్ గాజులో ఉన్నా స్ఫటికంలో ఉన్నా దాదాపు 612 నానోమీటర్ల దగ్గరే ఎర్రగా వెలుగుతుంది. పాత కలర్ టీవీ తెర మీది ఎరుపూ యూరోపియం చలవే. స్ఫటికంలో అయాన్లన్నిటికీ ఒకేలాంటి చోటు దొరుకుతుంది కనక రేఖ సన్నగా వస్తుంది. గాజులో ఒక్కోదాని ఇరుగుపొరుగు ఒక్కో తీరు కాబట్టి అదే రేఖ కాస్త వెడల్పవుతుంది.

"రంగు మారనప్పుడు ఇన్ని రకాల గాజులు పొయ్యడం దేనికమ్మా?" అని అడిగాను.

"మన ఊరి నరసింహస్వామి కొండ మెట్లు గుర్తు తెచ్చుకో బాబాయ్. శక్తి పుంజుకున్న అయాన్ పైన నించున్నట్టు. కిందికి ఒక్క దూకు దూకితే వెలుగు వస్తుంది. మెట్లు దొరికాయా, దిగిపోతుంది. అప్పుడు వేడి తప్ప వెలుగుండదు."

ఆ మెట్లు కట్టేది గాజులోని కంపనాలు. మెట్టు ఎంత ఎత్తయితే అంత తక్కువ అడుగుల్లో దిగిపోవచ్చు. బోరేట్, ఫాస్ఫేట్ గాజుల్లో మెట్లు ఎత్తు, ఫ్లోరైడ్ గాజుల్లో పొట్టి. అన్నిటికంటే పెద్ద బెడద తడి. ఎర్బియం దూకాల్సిన ఎత్తు సుమారు 6,500 ప్రమాణాలు (సెంటీమీటరుకు ఇన్ని తరంగాలని లెక్క). గాజులో చిక్కుకున్న నీటి తాలూకు ఓహెచ్ కంపనం 3,000 దాటుతుంది. రెండంటే రెండు అడుగులు, ఎర్బియం కిందికి చేరిపోతుంది! ఫాస్ఫేట్ ముడిసరుకుకు తేమ పీల్చే గుణం ఒకటి. అందుకే ఈ పిల్ల సగం పాట్లు పొడిని ఆరబెట్టడం దగ్గరే.

ఎర్బియం దిగకుండా దూకితే వచ్చే కాంతి 1.5 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, కంటికి కనపడదు. చూడముచ్చటైన ఎరుపు, పచ్చ బిళ్లలను వదిలి ఈ కనపడని వెలుగు వెనక ఎందుకు పడ్డావన్నాను. దూరాలకు వెళ్లే గాజుతీగ కేబుళ్లలో సంకేతాలు ఎక్కువగా నడిచేది ఆ తరంగదైర్ఘ్యంలోనేనట. 1987లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో డేవిడ్ పేన్ బృందం ఎర్బియం కలిపిన తీగతో బలహీనపడ్డ సంకేతాన్ని కాంతి రూపంలోనే పెంచి చూపింది. సముద్రాల అడుగున కేబుళ్లు వేలమైళ్లు పనిచేస్తున్నాయంటే ఆ పద్ధతి వల్లే. నియోడిమియం సంగతీ అంతే. అమెరికాలో 2022 డిసెంబరులో కేంద్రక సంలీన ప్రయోగం గెలిచిన 192 పుంజాల లేజర్‌కు బలం నియోడిమియం కలిపిన ఫాస్ఫేట్ గాజు పలకలే.

వెలుగు చాలకపోతే ఎర్బియం ఇంకాస్త వేస్తే సరి అనుకుంటాం. వేస్తే అయాన్లు దగ్గర దగ్గరగా చేరి, శక్తిని ఒకదానికొకటి అందించుకుంటూ చివరికి ఏ తడి దగ్గరో పారేస్తాయి. అందుకని ఆమె పాళ్లు కొంచెం కొంచెం మార్చి బిళ్లలు పోస్తుంది; ఒక్కోదానిలో వెలుగు ఎన్ని మిల్లీసెకన్లు నిలిచిందో కొలుస్తుంది; 1962లో జడ్, ఒఫెల్ట్ విడివిడిగా కనిపెట్టిన సిద్ధాంతంతో అది నిజానికి ఎంతసేపు నిలవాలో లెక్కగడుతుంది. రెంటికీ తేడా ఎక్కువొస్తే ఆ గాజులో శక్తి ఎక్కడో కారిపోతోందన్నమాట.

"ఈసారి కొంచెం ఫ్లోరైడ్ కలుపుతున్నా" అంటూ సీసా మూత బిగించింది. అది కలిస్తే ఓహెచ్ తగ్గుతుందట, కాకపోతే కరిగేటప్పుడు ఫ్లోరిన్ కొంత ఆవిరైపోయి పాళ్లు తప్పుతాయట.