తుంబురు తీర్థపు దారిలో

ఫాల్గుణ పూర్ణిమనాటి తుంబురు తీర్థ ముక్కోటికి, పాపవినాశనపు ఆనకట్ట దాటి అడవిలోనికి నడచు జనమందఱును తీర్థస్నానమును గోరి పోవువారే. వారి నడుమ చెట్లను జూచుటకై పోవుచు, పదియడుగులకొకమారు నిలిచి, వెనుకనుండి గోవిందనామములతో వచ్చువారికి దారి యడ్డమగుచుండినవారము మా మువ్వురమే. మాలో ఒకరు కళాశాలయందు వృక్షశాస్త్రము బోధించు నా మిత్రుడు. ఇంకొకరు ఆ శేషాచలపు కొండల పాదమున పుట్టి, తేనెపట్టులు తీసి పెరిగి, పిదప అటవీశాఖవారి కావలి కొలువు చేసి విరమించిన యానాది వృద్ధుడు. మిత్రుని సంచిలో, గాంబిలుదొర 1915లో ఆరంభింపగా ఆయన గతించిన పిమ్మట ఫిషరు 1936లో ముగించిన మదరాసు రాజధాని వృక్షగ్రంథపు సంపుటమొకటి యుండెను. వృద్ధుని చేతిలో కఱ్ఱ తప్ప వేఱొండు లేదు.

శేషాచలమున చెట్టును గుర్తించుట యంతటి శ్రమ కాదు. చెట్టును దాని దాయాదినుండి వేఱుచేయుటయే శ్రమ. ఎఱ్ఱచందనమునకు వేగిస, నేరేడునకు మొగి, అందుగునకు కొండగుగ్గిలము, జాలారికి తంబ, కరకకు తెల్లకరక — ఇట్లు జంటలు జంటలుగా ఒక్క వంశమునకు జెందిన వృక్షములు ఆ కొండలపై నివసించుచున్నవి. విచిత్రమేమనగా, ప్రతి జంటలోను ఒకటి దేశమున పలుతావుల గానవచ్చునదియే. ఇంకొకటి మాత్రము తూర్పు కనుమల యీ దక్షిణ భాగమును విడిచి స్వేచ్ఛగా పెరుగుట యరుదు. కావున ఇచ్చట పొరపడినవాడు సామాన్యమైనదానిని అపురూపమనియో, అపురూపమైనదానిని సామాన్యమనియో తలచి పోవును. ఈ రెండవ పొరపాటే అడవికి ఎక్కువ చేటు.

ఆనకట్ట దాటిన కొంతసేపటికే, దారికి ఇరుప్రక్కల ఆకురాల్చి నిలిచిన చెట్లు కానవచ్చినవి. కొమ్మలకు గుండ్రని ఎండుకాయలు, నడుమ గింజయున్న చోట ఉబ్బి, చుట్టును పలుచని రెక్కతో, గాలికి గలగలలాడుచుండెను. ఇట్టి కాయ కనబడిన చాలును, చెట్టు చందనమో వేగిసయో యగునని తెలియును. అయితే ఆ రెండింటిలో ఏదియో కాయ చెప్పదు. గ్రంథము ఆకునడుగుమనును. చందనపు ఆకునకు మూడు రెబ్బలు, వెడల్పుగా, ఇంచుమించు గుండ్రముగా నుండును. వేగిసకు ఐదు మొదలు ఏడు వఱకు, కోలగా, కొనయందు చిన్న నొక్కుతో నుండును. లక్షణము స్పష్టమే కాని, ఫాల్గుణమున ఆకేదీ? మిత్రుడు సంపుటము తెఱచి, మూసి, క్రింద రాలియున్న ఆకులలో వెదకనారంభించెను. ఒక్క చెట్టుక్రింద నాలుగు చెట్ల ఆకులు గాలికి వచ్చి చేరియుండుటచే, ఏ యాకు ఏ చెట్టుదని చెప్పుట సాధ్యము కాలేదు.

వృద్ధుడు కొంతసేపు ఊరకుండి, కఱ్ఱతో మానును తట్టి, "ఆకు రాలిపోయినాక ఆకునడిగితే ఏం చెప్తాది సామీ? పట్టనడుగు. మొసలి తోలు మాదిర పలకలు పలకలుగా పగిలి నల్లంగా ఉండాదే, ఇది చందనం. ఆ పైదాన్ని చూడు, బూడిద రంగుగా, నిలువునా చీలి పొరలు లేసుండాదే, అది యేగి" అనెను.

ఆ మాట విన్నపిమ్మట మఱి సందేహమునకు తావులేకపోయెను. దూరమునుండియే ఒకదానినుండి యొకటి విడివడి నిలిచిన ఆ రెండు మానులను, శాస్త్రజ్ఞులైనవారు బెరడుచేత గుర్తింపకుండుటకు కారణమేమా యని నేను మిత్రునడిగితిని. ఆయన చెప్పిన సమాధానము నాకు మిక్కిలి సమంజసముగ దోచినది. వృక్షగ్రంథములు అడవిలో కూర్చుండి వ్రాసినవి కావు; ఎండబెట్టి కాగితములపై నంటించిన కొమ్మలను బల్లమీద పఱచుకొని వ్రాసినవి. ఆ కాగితముపైకి ఆకు వచ్చును, పువ్వు వచ్చును, అదృష్టముండిన కాయయు వచ్చును. మందపు బెరడు రాదు. కావుననే, అడవిలో మనుష్యుని కంటికి ఎప్పుడును ఎదురుగా నుండు లక్షణము గ్రంథమున అల్పస్థానమునందును, ఏడాదికి కొలదిదినములు మాత్రమే నిలుచు పువ్వు అగ్రాసనమునందును కూర్చున్నవి.

ఆ పైన ఒక వాలులో, ఎన్నడో దొంగలు నఱికిన చందనపు మొద్దు కనబడెను. అంచున పాలిపోయిన తెల్లకొయ్య వలయము, లోపల నల్లబారిన ఎఱుపు చేవ. 1995 నుండి దేశాంతర వర్తకమున కట్టుబాట్లకు లోబడినదైనను, ఈ చేవకొఱకు గొడ్డళ్ళు కొండనెక్కుట మానలేదు. చందనమను పేరేగాని, శ్రీగంధముతో దీనికి చుట్టఱికము లేదు, సువాసనయు లేదు. దీని వెల యంతయు ఆ రంగునందును, నీట మునుగునంతటి ఆ బరువునందును గలదు. మొద్దు చచ్చినది కాదు. దాని మొదటనుండి పిలకలు లేచి, ఆకులేని ఆ కాలమునను పచ్చగా నుండెను. మిత్రుడు మోకాళ్ళపై కూర్చుండి రెబ్బలు లెక్కించెను: మూడు, మూడు, మఱల మూడు, ఒక కొమ్మపై మాత్రము ఐదు. చందనమునకును ఒక్కొక్కప్పుడు ఐదు రెబ్బలు వచ్చునని గ్రంథము చెప్పియే యున్నది. అయినను ఆ యొక్క ఆకునే కోసికొనిపోయిన వాని గతి యేమని ముగ్గురము నవ్వుకొంటిమి.

గాయపఱచిన ఎఱ్ఱరసము కాఱునదే చందనమని యాత్రికులలో నొకడు మాకు బోధించి పోయెను. ఈ నమ్మకము పెక్కండ్రకు గలదు. వేగిసయు ఎఱ్ఱగనే స్రవించును. ఆ రసము గట్టిపడి నల్లని మెఱుపుగల బంకయగును. వేగిస చేవతో చేసిన గిన్నెలో రాత్రి నీళ్ళు పోసియుంచి, తెల్లవాఱి మధుమేహమునకు మందుగ త్రాగువారు మన గ్రామములలో నేటికిని గలరు. ఆ నీరు గోధుమవన్నెకు తిరిగి, వెలుతురున పట్టిచూచిన అంచులందు నీలిజాడ కనబఱచును. గుణములో మందో కాదో వైద్యులు చెప్పవలెను. కొయ్యను గుర్తించుటకు మాత్రము అది మంచి సాక్ష్యము.

మొగి విషయమున ఇంత విచారము లేదు. నేరేడునకు ఆకులు ఎదురెదురుగా జంటలై వచ్చును. మొగికి ఒకటి విడిచి యొకటిగా వచ్చును. ఒక్క రెమ్మ చూచిన వివాదము తీఱును. కొండగుగ్గిలమునకు 1961 వఱకును శాస్త్రజ్ఞులు వేఱుపేరు పెట్టలేదు; అందుగు రెబ్బల అంచు ఱంపమువలె నుండగా, దీని రెబ్బలు కోలగుండ్రమై యుండును. వృద్ధునకు ఈ భేదము బాల్యమునుండియు తెలియునట. తెలిసినదానిని ఎవరును అడుగలేదు గావున ఆయన చెప్పలేదు.

రాతిగోడల నడుమ దారి యిఱుకై, తీర్థపు నీటిచప్పుడు వినవచ్చుచుండగా, దాదాపు ఆకుడిగిన ఒక కరకచెట్టువద్ద మాత్రము మా మువ్వురి విద్యయు నిలిచిపోయెను. కరక లేచిగురుపై పట్టువంటి నూగుండును. తెల్లకరక ఆకు నున్ననై, వెలవెలబోయి యుండును. ఈ చెట్టునకు మిగిలిన రెండు మూడు ముదురాకులు నున్ననివే. కాని ముదిరిన కరకాకునకును నూగు రాలిపోవును గదా! బెరడును చూచి వృద్ధుడు తల అడ్డముగ నాడించెను. "దీనికి పట్ట చాలదు సామీ. ఉగాది పోయినాక చిగురేస్తాది. అప్పుడొచ్చి వేలితో పట్టి చూస్తే కన్నుతో పని లేదు."

మిత్రుడు పుస్తకమున 'కరక' యని వ్రాసి, ప్రక్కన స్థలము ఖాళీగ విడిచెను. ముక్కోటి గడచిన పిదప ఈ దారి మూయుదురు. అనుమతికై ఎవరికి అర్జీ పెట్టవలయునో, అందులో ఒక్క చెట్టు చిగురు తాకుటకని వ్రాసిన ఆఫీసువారు నమ్ముదురో లేదో, నమ్మించుటకు ఇంకేమి వ్రాయవలయునో యని తీర్థమున మునిగి లేచువఱకును ఆయన ఆలోచించుచునే యుండెను.