ఒక్క చెవితో వినేవారికీ పూర్తి మాట

ఆరోగ్య విషయాలను మాటల రూపంలో రికార్డు చేసి అందించే మిత్రులు ఇటీవల పెరిగారు. సంతోషమే. అయితే మన మాట శ్రోత రెండు చెవులకూ సమానంగా చేరుతున్నదా అని విచారించేవారు తక్కువ.

నాకు చిరకాలంగా పరిచయమున్న ఒక పెద్దాయనకు చిన్ననాట గవదబిళ్లలు సోకి కుడి చెవి వినికిడి పూర్తిగా పోయింది. ఇన్సులిన్ వాడకంపై ఎవరో చేసిన ఇంటర్వ్యూను ఇయర్‌ఫోన్లతో విని, "డాక్టరుగారూ, ప్రశ్నలన్నీ వినబడ్డాయి, జవాబులు ఒక్కటీ వినబడలేదు" అన్నారు. ప్రశ్నలు ఎడమ వైపు, జవాబులు కుడి వైపు రికార్డయ్యాయి. ఆయనకు కావలసినవి జవాబులే కదా!

దీనికి కారణం మిక్సర్‌లోనే ఉన్నది. చిన్న మిక్సర్లు సాధారణంగా యు.ఎస్.బి. ద్వారా కంప్యూటర్‌కు ఎడమ, కుడి అనే రెండు ఛానళ్లనే పంపుతాయి. మైకు మోనో, అంటే దానిది ఒకటే ధార. అది ఎటు పోవాలో 'పాన్' నాబ్ నిర్ణయిస్తుంది. నాబ్‌ను పూర్తిగా ఎడమకు తిప్పితే శబ్దం ఎడమకే పోతుంది. మధ్యలో ఉంచితే రెండు వైపులకూ పోతుంది. కీబోర్డు వంటి స్టీరియో పరికరాలకు జంట ఇన్‌పుట్‌లు ఉంటాయి. పరికరానికి ఒకే తీగ ఉన్నప్పుడు, అనేక మిక్సర్లలో 'ఎడమ/మోనో' అని గుర్తున్న రంధ్రంలో దానిని పెడితే శబ్దం రెండు వైపులా చేరుతుంది.

ఇద్దరు మాట్లాడేటప్పుడు ఒకరిని ఎడమకు, మరొకరిని కుడికి పంపి స్టీరియోగా రికార్డు చేయడం తప్పు కాదు, మంచి పద్ధతే. ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాకును రెండు మోనో ట్రాకులుగా విడదీస్తే, ఒకరి దగ్గును తొలగించవచ్చు, మరొకరి స్వరాన్ని పెంచవచ్చు. కాని పని ముగిశాక రెండింటినీ కలిపి మోనోగా భద్రపరచాలి. ఈ చివరి మెట్టును విస్మరిస్తేనే పై ఇబ్బంది కలుగుతుంది. ఒక్కరే మాట్లాడుతున్నప్పుడు పాన్ మధ్యలో ఉంచి, మొదటి నుంచీ మోనోగానే రికార్డు చేయవచ్చు. మోనో వల్ల మరో లాభమూ ఉన్నది: 44,100 హెర్ట్జ్, 16 బిట్ల స్టీరియో ధ్వని కుదించకుండా ఉంటే నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు, మోనో అందులో సగం.

1816లో లెనెక్ రూపొందించిన తొలి స్టెతస్కోపు ఒక చెవికి ఆనించి వినే గొట్టం. ఆ ఒక్క చెవితోనే వైద్యులు గుండె, ఊపిరితిత్తుల చప్పుళ్లను గుర్తించారు. సంగీతానికి స్టీరియో శోభనిస్తుంది. మాటకు మాత్రం స్పష్టతే ప్రధానం.

ఒక చెవి వినబడని శ్రోతలు తమ ఫోన్ సెట్టింగులలోని యాక్సెసిబిలిటీ విభాగంలో 'మోనో ఆడియో'ను ఎంచుకుంటే రెండు వైపుల శబ్దమూ కలిసి ఒక్క చెవికే అందుతుంది. అయితే ఒక చెవి వినికిడి హఠాత్తుగా తగ్గితే మాత్రం ఇయర్‌ఫోన్ లోపమని సరిపెట్టుకోరాదు. ఇయర్‌ఫోన్లను ఎడమ, కుడి మార్చి పెట్టి చూడండి. అప్పుడూ అదే చెవికి వినబడకపోతే వెంటనే చెవి, ముక్కు, గొంతు వైద్యుని సంప్రదించండి. ఆ చికిత్స తొలి రోజులలో మొదలుపెడితేనే ఫలితం బాగుంటుంది.