ఎండ అందరిదీ, లాభం ఎవరిది?

రోలాలో ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే మాటలు ఇంటద్దెతో మొదలై కరెంటు బిల్లు దగ్గర తేలతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఏసీ ఆపే ధైర్యం ఎవరికుంది చెప్పండి! సెలవులకు ఊరెళ్లినవాళ్ల ఫ్లాట్లో కూడా గోడలు బూజు పడతాయన్న భయంతో ఒక ఏసీ నడుస్తూనే ఉంటుంది. రోలా అంటే మర్రిచెట్టు అని అర్థం. ఇప్పుడు పార్కు ఉన్నచోట నిజంగానే ఒక పెద్ద మర్రి ఉండేదట, 1978లో కూలిపోయింది. చెట్టు పోయింది, ఎండ మిగిలింది. ఇంత ఎండ పెట్టుకుని ఇంత బిల్లేమిటని మనలో చాలామందికి సందేహం.

నేను కంప్యూటర్లవాణ్ణి, విద్యుత్ ఇంజనీరును కాను. కానీ కన్సల్టెంటుగా ఏ ప్రాజెక్టు కాగితం చేతికొచ్చినా ముందు రెండు గడులు వెతకడం అలవాటైపోయింది: డబ్బు పెట్టేది ఎవరు, మిగిలేది ఎవరికి? సౌరవిద్యుత్తును కూడా అలాగే చూశాను.

దేశం లెక్క చూస్తే ఏ అనుమానమూ అక్కర్లేదు. దుబాయ్‌లోని మహమ్మద్ బిన్ రాషిద్ అల్ మక్తూమ్ సోలార్ పార్కు మూడో దశకు, అంటే 800 మెగావాట్లకు, 2016లో వచ్చిన ధర యూనిట్‌కు 2.99 అమెరికన్ సెంట్లు. మన లెక్కలో సుమారు 11 ఫిల్సులు. అబుదాబిలోని అల్ ధఫ్రాకు 2020లో 1.35 సెంట్లకే బిడ్ వచ్చింది, అంటే 5 ఫిల్సులు. రెండు గిగావాట్ల ఆ కేంద్రం 2023 నవంబరులో ప్రారంభమైంది కూడా. చమురు దేశానికి ఇదంతా ఎందుకని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే. ఇక్కడ కరెంటు ఎక్కువగా తయారయ్యేది గ్యాసుతో. చమురుకు కొదవ లేకపోయినా 2007 నుంచి ఖతార్ గ్యాసు డాల్ఫిన్ పైపులైనులో ఇక్కడికి వస్తోంది. ఎండతో తీసిన ప్రతి యూనిట్ వెనుకా మండించకుండా మిగిలిన గ్యాసు ఉంటుంది. దాన్ని అమ్ముకోవచ్చు, లేదా ఆ మేరకు కొనడం మానుకోవచ్చు. పైగా గ్యాసు ధర ఏటా మారుతుంది, ఎండ ధర మారదు. రాత్రి సంగతి వేరే. దానికి బ్యాటరీలు కావాలి, వాటికి మళ్లీ డబ్బు కావాలి.

ఇక రోలా ఫ్లాటు లెక్క. మా బిల్డింగు పైకప్పు మీద నీళ్ల ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు, వాటి మధ్య ఆరేసిన బట్టలు. ఇన్ని అంతస్తులకు సరిపడా కరెంటు తీసే చోటు అక్కడ లేదు. చోటున్నా, ప్యానెళ్ల ఖర్చు భరించాల్సింది యజమాని, బిల్లు తగ్గేది అద్దెకున్న మనకు. ఆయన ఎందుకు పెడతాడు? దుబాయ్‌లో 2015 నుంచి షమ్స్ దుబాయ్ పథకం కింద సొంత విల్లాల వాళ్లు పెట్టుకుంటున్నారు. అద్దెవాళ్లం మనం చూసి సంతోషించాలి.

సొంత కప్పు ఉన్నది ఊళ్లోనే. మడకశిరలో మా నాన్నగారి ఇంటికి లెక్క వేశాను. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు ప్రామాణిక ధర 1,45,000 రూపాయలు, సబ్సిడీ 78,000. చేతి నుంచి పడేది 67,000. డీలర్లు ఇంతకన్నా ఎక్కువే చెప్పవచ్చు, బేరం ఆడండి. కిలోవాటుకు రోజుకు 4 యూనిట్ల చొప్పున నెలకు 360 యూనిట్లు వస్తాయి. ఏసీ, మోటారు ఉన్న మా ఇంటి వాడకం 300. ఆంధ్రప్రదేశ్ గృహ స్లాబుల ప్రకారం, ఇతర చార్జీలు కాక, 300 యూనిట్లకు 1,673 రూపాయలు. అంటే మూడేళ్ల నాలుగు నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుంది. ఏ చిట్టీలోనూ ఇంత రాబడి రాదు! ఒక్క మాట: బ్యాటరీ లేని ఈ ఏర్పాటు లైను కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. ఇన్వర్టరును అమ్మేయకండి.

ఇదే లెక్క మా వీధి చివరి ఇంటికి వేస్తే కథ మారుతుంది. నెలకు 75 యూనిట్లు కాల్చే ఆ ఇంటికి బిల్లు 192 రూపాయలు. ఒక్క కిలోవాటు పెట్టినా సబ్సిడీ పోను 20,000 కావాలి, అది తీరడానికి తొమ్మిదేళ్లు దగ్గర పడుతుంది. తక్కువ స్లాబులో ఉన్నవాడికి మిగిలేదీ తక్కువే.

మా సరిహద్దు అవతల, కర్ణాటకలోని పావగడలో ఇది ఇంకా పెద్దగా కనబడుతుంది. మూడు వైపులా ఆంధ్ర, ఇంటింటా తెలుగు వినిపించే తాలూకా. అక్కడ తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్లలో సుమారు 13,000 ఎకరాల్లో, 2,050 మెగావాట్ల సోలార్ పార్కు 2019 చివరికి పూర్తయింది. భూములు కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. నాలుగెకరాలు ఇచ్చిన మా బంధువు ఒకాయన మొదటి ఏడాదే 84,000 అందుకున్నాడు. "వాన కోసం ఆకాశం చూసేది తప్పింది గదప్పా, ఇప్పుడు ఎండ కాస్తే చాలు" అంటాడు. వేరుశనగ వేసి నష్టపోయిన చేతికి ఆ డబ్బు ఎంత నిబ్బరమో నేను కళ్లారా చూశాను.

కానీ ఆయన చేలో కలుపు తీసి, కాయలు ఒలిచిన కూలీలకు కౌలు లేదు. భూమి లేదు కనుక ఒప్పందంలో వాళ్ల పేరే లేదు. ప్యానెళ్లు కడగడం, గడ్డి కోయడం, కాపలా వంటి పనులు కొన్ని దొరికాయి, అందరికీ కాదు. కంచె పడ్డాక గొర్రెలకు మేతా దూరమైంది. కొందరు బెంగుళూరు దారి పట్టారు. మనం గల్ఫ్ దారి పట్టినట్టే.

ఊరికి రోడ్డు వేయడం, బడికి గదులు కట్టడం మంచిదే. నేననేది భూమిలేని ఇంటికి నేరుగా చేరే వాటా గురించి. ఆ ఎండకు మెగావాటు ఏడాదికి 15 లక్షల యూనిట్లు ఇస్తుందనుకున్నా, 2,050 మెగావాట్లకు 307 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు ఒక్క పైసా పక్కన పెడితే ఏటా మూడు కోట్ల రూపాయలు, ఊరికి 60 లక్షలు. ఆ పైసా బిల్లు కట్టేవాడి కంటికి కనబడను కూడా కనబడదు.