మైకు సెట్టు పెట్టెలోని ప్లేట్లు

ఏటొదినా, మీ పెద్దోడికి మళ్ళీ గ్రామఫోను ప్లేట్ల పార్సిలొచ్చిందంట కదా! పోస్టుమేను మా అరుగు మీద కూచుని మంచినీళ్ళు తాగి మరీ వెళ్ళాడు. మొన్న రాత్రి నేను పప్పు రుబ్బుతుంటే మీ మేడ మీంచి డప్పూ గిటారూ ఒకటే వాయింపు. పాట ఎప్పుడొస్తాదా అని చూశాను, పప్పు అయిపోయింది గానీ పాట మాత్రం రాలేదు. నిన్న మీవాడు గోడ దగ్గర దొరికితే అడిగీసాను.

పాట ఉండదంట వదినా, అదంతా వాయిద్యమేనంట. లైబ్రరీ మ్యూజిక్ అంటారంట. సినిమావాళ్ళకీ, రేడియోవాళ్ళకీ, టీవీవాళ్ళకీ పనికొస్తాదని ముందే వాయించి ఉంచీసిన బాణీలు. దొంగోడు పరిగెడితే ఒకటి, ఆటల పోటీకి ఒకటి, వర్షానికి ఒకటి. కొట్లో అమ్మేవారు కాదంట. స్టూడియోలకి పంపించీసి, వాడుకున్నవాళ్ళ దగ్గర డబ్బు పుచ్చుకునేవారంట. డివోల్ఫ్ అని లండన్ కంపెనీ 1909 నించీ ఇదే వ్యాపారం. కేపీఎం అని ఇంకో కంపెనీ 1966లో వెయ్యి నంబర్ల వరస మొదలెట్టింది, ఆకుపచ్చ అట్టలేసి. మీవాడు తెప్పించింది అందులోదే, ‘ది బిగ్ బీట్’, 1969ది. ఆలన్ హాక్‌షా, కీత్ మాన్స్‌ఫీల్డ్ అని ఇద్దరు కట్టిన బాణీలు. ఆ మాన్స్‌ఫీల్డే వింబుల్డన్ టెన్నిసుకి బీబీసీవాళ్ళు వేసే బాణీ కూడా కట్టాడంట. బజార్లోకి రాని సరుకు కదా, అందుకే ఇప్పుడు ఎగబడి కొంటున్నారు. విన్నాను, బాగానే ఉంది, కాళ్ళు కదులుతాయి. కాకపోతే ధర చెప్పాడు చూడు, ఆ మాట మీ ఆయన చెవిన వెయ్యకు.

నేనన్నాను, ఓరి గుంటడా, పనికి తగ్గ ప్లేటు కావాలంటే లండన్ దాకా ఎందుకురా, మా మావయ్య మైకు సెట్టు పెట్టెలో ఉన్నదంతా అదే కదా అని! నువ్వు ఈ ఊరు కాపరానికొచ్చేసరికే క్యాసెట్లు వచ్చీసాయి, నీకు తెలీదు. కర్రపెట్టె, లోపల ప్లేట్లు నిలబెట్టి, పనిని బట్టి వరస. తెల్లారగట్టకి ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం, 1963లో వచ్చిన పెద్ద ప్లేటు. పెళ్ళికి సన్నాయి ప్లేట్లు. ఊరేగింపుకి వేరు, జాతరకి వేరు. డేరా సినిమావాళ్ళయితే టిక్కెట్లు మొదలెట్టేముందు ఘంటసాల ‘నమో వెంకటేశా’ వేసేవారు. ఆ పాట వినబడితే అన్నం కంచాల ముందు నించి లేచి పరిగెత్తేవారంట పిల్లలు. ఆ ప్లేటుని పాట అనుకుని విన్నవాడెవడు? అది గంట. బడి గంట లాంటిదే.

సన్నాయి సంగతి చెప్తానుండు, నాకు అదే ఇష్టం. కారుకురిచ్చి అరుణాచలం, షేక్ చినమౌలానా, నామగిరిపేట్టై కృష్ణన్, ఈ ముగ్గురి ప్లేట్లూ మా మావయ్య ఎవరికీ అరువిచ్చేవాడు కాదు. చినమౌలానా మనవాడే, ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డాడు. బాజావాళ్ళ బస్సు దారిలో ఆగిపోయిందనుకో, మావయ్య పందిట్లో ప్లేయరు పక్కనే కూచుని, పంతులుగారి చెయ్యి వైపే చూస్తూ ఉండేవాడు. చొక్కా అంచుతో ప్లేటు తుడిచీవాడు, ముల్లు మీద ఉఫ్ అని ఊదీవాడు, ముల్లుని గాడికి అంగుళం ఎత్తులో వేలితో పట్టుకుని ఉంచీవాడు. తాళిబొట్టు పైకెత్తగానే దించీవాడు. ఒక్క క్షణం గరగర, ఆ వెంటనే మేళం. ‘మురిపించే మువ్వలు’ అని 1962లో తమిళం నించి వచ్చిన బొమ్మ ఉంది కదా, అందులో ఎస్.జానకి గొంతూ కారుకురిచ్చి సన్నాయీ పోటీపడే పాట, అది లేని పెట్టె పెట్టే కాదనేవాడు.

ఘంటసాల భగవద్గీత మాటకొస్తే, ఆయన 1974 ఫిబ్రవరిలో పోయాక బయటికొచ్చింది ఆ ప్లేటు. ఇంట్లో పెట్టుకుని వినాల్సింది పాపం, ఊళ్ళవాళ్ళు చావుకే కట్టీసారు. ఇప్పటికీ అది వినబడితే, ఎవరు పోయారమ్మా అని వీధి తలుపు తీస్తాం కదా! నన్నడిగితే మన లైబ్రరీ మ్యూజిక్కులో దాన్ని మించింది లేదు. అంత మంచి ప్లేటు ఇంట్లో పొద్దున్నే వెయ్యలేకపోవడమే అన్యాయం.

అచ్చంగా మీవాడికి నచ్చే రకం కావాలంటే చిట్టిబాబు వీణ. కాకినాడ మనిషి, ఈమని శంకరశాస్త్రిగారి శిష్యుడు. ‘మ్యూజింగ్స్ ఆఫ్ ఎ మ్యుజీషియన్’ అని పెద్ద ప్లేటు, వీణ వెనక ఆర్కెస్ట్రా పెట్టి సొంత బాణీలు కట్టాడు. కోయిల కూస్తాది అందులో, వీణ మీదే! నా ఓటు ముందు దానికి, తరవాత సన్నాయిలకి. సినిమా పాటల చిన్న ప్లేట్లు మాత్రం తొందరపడి కొనొద్దన్నాను, అవి ఫోన్లో ఎలాగూ దొరుకుతాయి.

కొనేటప్పుడు చూసుకోవాలి మరి. వెలుగుకి ఏటవాలుగా పట్టుకుని చూస్తే గాడి నల్లగా నిగనిగలాడాలి. బూడిదరంగుకి తిరిగిందంటే ముల్లు తినీసిందనే. నడిమి కన్నం చుట్టూ సన్న గీతలుంటే చీకట్లో తడుముకుంటూ వేసినవాడెవడో వాడాడని. మైకు సెట్టు ప్లేట్లు సగం ఇలాగే ఉంటాయి. శబ్దం కావాలంటే ఇళ్ళలోవి వెతుక్కోవాలి, షాపు పేరు పెయింటుతో రాసిన అట్ట కావాలంటే సెట్టువాళ్ళవి. పాత 78 స్పీడు ప్లేట్లకి ముల్లు వేరు, లావుగా ఉంటాది. పాత ప్లేయర్లలో ముల్లు పక్కన చిన్న మీట ఉండేది, అటు తిప్పితే 78కి, ఇటు తిప్పితే ఎల్పీకి, అదే పెద్ద ప్లేటుకి. మీవాడి కొత్త మిషనుకి అది లేదు, ఎల్పీ ముల్లుతోనే 78 వేసి, గీరుమంటోందేటి అంటున్నాడు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ 78లని స్పిరిటు పెట్టి తుడవకూడదు. అవి లక్కతో చేసినవి, ఏటికొప్పాక బొమ్మలకి వేస్తారే, ఆ లక్కే. స్పిరిటు తగిలితే కరిగిపోతాది. తడిగుడ్డతో పైపైన ఒత్తి, నీడలో ఆరబెట్టీస్తే చాలు. ఎల్పీలకి ఆ భయం లేదు గానీ, ఒకదాని మీద ఒకటి పేర్చీసి ఎండ తగిలేచోట పెట్టకూడదు, అప్పడాల్లా వంగిపోతాయి. నిలబెట్టే ఉంచాలి.

మా మావయ్య పెట్టె మొత్తం ఇప్పుడు లేదనుకో, మా మరుదులు పంచుకున్నారు. మన వీధిలో, అటు చోడవరంలో మీ పుట్టింటి వైపు, అటకల మీద ఇలాంటి ప్లేట్లు ఇంకా ఉండే ఉంటాయి. పాతసామాన్లవాడు కేకేసుకుంటూ వస్తే తూకానికి ఇచ్చీకండి వదినా. వానాకాలం రాకముందే దింపించి గాలికి పెట్టండి, అట్ట మీద రాసున్న సెట్టు పేరు చింపకండి, మీవాణ్ణి ఒకసారి వచ్చి చూసుకోమనండి.